‘ఏం కాదులే’ అంటే సరిపోదు

మన ఇళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందని తెలిస్తే చుట్టాలు, స్నేహితులు, ఇరుగుపొరుగు వరసగా వస్తారు. చేతిలో యాపిల్ పండ్లో, కొబ్బరిబొండాలో ఉంటాయి. మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఎలా మొదలైంది, ఎవరికి చూపించారు, ఎంత ఖర్చయింది అని అడుగుతారు. లేచి వెళ్లేముందు దాదాపు అందరూ అనే మాట ఒక్కటే. ‘ఏం కాదులే, ధైర్యంగా ఉండు’.

జబ్బుపడిన మనిషిని ఒంటరిగా వదలకూడదన్న ఈ ఆనవాయితీ చాలా మంచిది. పదిహేనేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో పనిచేస్తున్న వైద్యుడిగా, పక్కన మనిషి ఉన్న రోగికీ లేని రోగికీ తేడా రోజూ చూస్తూనే ఉంటాను. కానీ ఆ వచ్చినవాళ్లు అనే ‘ఏం కాదులే’తోనే నాకు పేచీ. ఆ మాట విన్నాక రోగి నోరు మూతపడుతుంది. తన భయం గురించి ఇక మాట్లాడొద్దని చెప్పినట్టుగా అతనికి వినిపిస్తుంది. జబ్బుతో హడలిపోతున్న మనిషికి మనం ధైర్యం చెప్పడం కన్నా, ఆ మనిషి తన భయాన్ని మనతో చెప్పుకోగలగడం ముఖ్యం. అది చెప్పుకోనిచ్చే మనిషి, చెప్పాక దానికి తగ్గ పని చేసే మనిషి ఇంట్లో ఒక్కరున్నా మా చికిత్స సగం తేలికవుతుంది.

భయం ఒంటికీ ఎక్కుతుంది

దిగులు మనసుకు సంబంధించింది, జబ్బు ఒంటికి సంబంధించింది అని విడదీసి చూస్తాం. శరీరం మాత్రం అలా విడదీయదు. భయం, ఆందోళన ఉన్నప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తపోటు పెరుగుతుంది. కాలేయం నుంచి రక్తంలోకి గ్లూకోజు ఎక్కువగా వస్తుంది. మందులు వేళకు వేసుకుంటూ, తిండిలో ఏ మార్పూ చేయకపోయినా ఆపరేషన్ తేదీ దగ్గర పడేకొద్దీ షుగరు పెరిగిందని వచ్చేవాళ్లు అందుకే ఉంటారు. నిద్ర తగ్గితే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి ఎక్కువైతే మళ్లీ నిద్ర పట్టదు. ఈ చక్రం తిరుగుతుండగా ఎన్ని మాత్రలు మార్చినా ఫలితం అంతంతమాత్రమే.

మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారితో పోలిస్తే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు చెప్పుకోదగ్గ కుంగుబాటులోకి జారతారు. అలా జారినవాళ్లు మందులు వేసుకోవడం మానేస్తారు, నడక మానేస్తారు, పరీక్షలకు రావడం మానేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. మొండితనం అనుకుని తిడతారు కూడా. కాబట్టి రోగి మనసును పట్టించుకోవడం తీరిక ఉంటే చేసే పని అనుకోవద్దు. అది చికిత్సలో భాగమే.

నైటింగేల్ ఎప్పుడో చెప్పారు

ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే పుస్తకం రాశారు. నర్సులకు పాఠాలు చెప్పడానికి రాసింది కాదది. ఇంట్లో జబ్బుపడినవాళ్లను చూసుకునే మామూలు ఆడవాళ్ల కోసం రాసింది. గాలి, వెలుతురు, శుభ్రత, ఆహారం గురించి చెప్పిన ఆ పుస్తకంలో పరామర్శకు వచ్చినవాళ్లు చెప్పే ఉత్తుత్తి ధైర్యాల మీద, ఉచిత సలహాల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తన పరిస్థితి తనకు తెలిసిన రోగికి ఆ మాటలు ఊరట ఇవ్వకపోగా విసుగు పుట్టిస్తాయని, తన గోడు చెప్పుకునే దారి లేక అతను మరింత ఒంటరి అవుతాడని ఆమె గమనించారు.

చప్పుళ్ల గురించి రాసిన అధ్యాయంలో ఇంకో సంగతి చెప్పారు. రోగి ఉన్న గదిలోనో, గుమ్మం అవతలో గుసగుసలాడటం క్రూరమైన పని అన్నారు. మాట్లాడుతున్నది తన గురించేనని రోగికి తెలుసు. మాట పూర్తిగా వినపడదు. చెవులు రిక్కించి, సగం విని, మిగతా సగం ఊహించుకుని అలసిపోతాడు. నూట అరవై ఏళ్లు దాటినా మా వార్డు వరండాలో రోజూ జరిగేది అదే.

‘ఆయనకు మాత్రం చెప్పకండి’

క్యాన్సర్ అని రిపోర్టు రాగానే కొడుకో కూతురో విడిగా వచ్చి, ‘సార్, నాన్నకు మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు’ అంటారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ ఒకసారి రోగి వైపు నుంచి చూడండి. ఎంఎన్‌జేకో, మరో క్యాన్సర్ ఆసుపత్రికో తీసుకెళ్లి, గ్యాస్ ట్రబుల్‌కి చూపిస్తున్నామంటే ఎవరు నమ్ముతారు? బయట బోర్డు ఉంటుంది. ఓపీ వరసలో పక్కన కూర్చున్నాయన ‘మీకు ఎన్నో కీమో?’ అని అడుగుతాడు. సెలవు దొరకదని పెళ్లికి కూడా రాని పెద్దబ్బాయి అమెరికా నుంచి ఉన్నట్టుండి దిగుతాడు. ఇన్ని జరుగుతుంటే డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి విషయం అర్థం కాదా?

చుట్టూ ఎవరూ లేనప్పుడు రోగులు నాతో అనే మాట మీకు చెప్పాలి. ‘నాకేం వచ్చిందో నాకు తెలుసు సార్. నాకు తెలిసిపోయిందని మావాళ్లకు చెప్పకండి, బాధపడతారు’. తండ్రి పిల్లల కోసం దాస్తాడు, పిల్లలు తండ్రి కోసం దాస్తారు. ఒకే గదిలో, ఒకే విషయం గురించి, ఎవరికి వాళ్లు విడివిడిగా ఏడుస్తారు. చెప్పుకోవలసిన మాటలు ఉంటాయి, చూడాలనుకున్న మనుషులు ఉంటారు, తేల్చవలసిన బ్యాంకు కాగితాలు ఉంటాయి. అన్నీ అలాగే మిగిలిపోతాయి.

అలాగని రిపోర్టు మొత్తం ఒక్క ఊపులో చదివి వినిపించమనడం లేదు. ముందు రోగిని అడగాలి. ‘మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసు? ఇంకా తెలుసుకోవాలని ఉందా, లేక ఆ వివరాలు అబ్బాయితో మాట్లాడమంటారా?’ కొందరు అంతా చెప్పమంటారు. కొందరు ‘మందులు వేసుకుంటాను, మిగతావి మావాడికి చెప్పండి’ అంటారు. రెండూ సరైనవే. తెలుసుకోవడం రోగి హక్కు, వద్దనుకోవడమూ రోగి హక్కే. ఆ నిర్ణయం మాత్రం వాళ్లదే కావాలి. చెప్పేది కొంచెం కొంచెంగా చెప్పవచ్చు. అబద్ధం చెప్పకూడదు. ఒక్క అబద్ధం బయటపడితే, ఆ తర్వాత మనం చెప్పే మంచి కబురు కూడా నమ్మరు.

అనకూడనివి, అడగవలసినవి

రోగి దగ్గర తరచూ వినిపించే కొన్ని మాటలు గుర్తు చేస్తాను. ‘సిగరెట్లు మానమని అప్పుడే చెప్పానా?’ ‘మా పిన్నిగారి అబ్బాయికీ ఇదే వచ్చింది, పాపం ఆర్నెల్లే ఉన్నాడు.’ ‘నీకన్నా చిన్నవాళ్లకే వస్తున్నాయి, నీదెంత?’ ‘ఏ జన్మ కర్మో!’ ‘ఈ ఇంగ్లిషు మందులు ఆపేసి ఫలానా కషాయం తాగు.’ ఇవన్నీ ఎందుకు బాధిస్తాయో విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ మధ్య కొత్తగా ‘పాజిటివ్‌గా ఆలోచించు, సగం జబ్బు పోతుంది’ అనేది కూడా చేరింది. వినడానికి బాగుంటుంది. కానీ జబ్బు ముదిరినప్పుడు, తాను సరిగ్గా ఆలోచించకపోవడం వల్లే ఇలా అయిందని రోగి తనను తాను నిందించుకుంటాడు. క్యాన్సర్‌కు తోడు అపరాధ భావం కూడా మోయాలి.

మరి ఏమనాలి? నేను ఇంట్లోవాళ్లకు నేర్పే ప్రశ్న ఒకటుంది. ‘ఇప్పుడు నిన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఏంటి?’ అడిగి ఊరుకోవాలి. జవాబు వెంటనే రాదు. ఆ మౌనాన్ని మన మాటలతో నింపకూడదు. ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు ఆగితే చాలా సందర్భాల్లో మనం ఊహించని జవాబు వస్తుంది.

ఒక పెద్దాయన వార్డులో మూడు రోజులు సరిగ్గా తినలేదు. నీరసపడుతున్నారని, బలానికి ఇంజెక్షన్ రాయమని ఇంట్లోవాళ్లు పట్టుబట్టారు. రాత్రి డ్యూటీ సిస్టర్ మంచం పక్కన నిలబడి మెల్లగా అడిగితే సంగతి తేలింది. తింటే విరేచనానికి వెళ్లాలి. లేవలేరు కాబట్టి కోడలు బెడ్‌పాన్ పెట్టాలి. ఆ సిగ్గుతో ఆయన అన్నం తినడమే మానేశారు. మగ సహాయకుణ్ని ఏర్పాటు చేశాం. మంచం చుట్టూ తెర పెట్టించాం. మర్నాడు మధ్యాహ్నం పెరుగన్నం తిన్నారు. ఏ ఇంజెక్షనూ అవసరం కాలేదు. మూడు రోజులుగా వచ్చినవాళ్లంతా ఆయనకు ధైర్యం చెప్పారు. ఎందుకు తినడం లేదని అడిగింది మాత్రం ఆ సిస్టర్ ఒక్కరే.

బైపాస్‌కు సిద్ధమవుతున్న మనిషి భయం గుండె గురించి కాకపోవచ్చు, ఇంటి లోను వాయిదా గురించి కావచ్చు. రొమ్ము తీసేసిన అమ్మాయి బెంగ మళ్లీ జబ్బు వస్తుందేమోనని కాకుండా, భర్త తనను ఎలా చూస్తాడోనని కావచ్చు. నోరు విప్పి చెప్పాక ఏ భయానికైనా చేయగలిగిన పని ఏదో ఒకటి దొరుకుతుంది. బ్యాంకుకు వెళ్లి మాట్లాడొచ్చు. భర్తను పక్కన కూర్చోబెట్టి డాక్టరుతో మాట్లాడించవచ్చు.

చేత్తో చేసే ఓదార్పు

మాటలు రానివాళ్లు కంగారు పడనక్కర్లేదు. శరీరానికి చేసే సేవే మనసుకు చేరుతుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టరు అయ్యారు. రోగి నొప్పిలో శరీరం బాధతో పాటు మనసు దిగులు, ఇంటి సమస్యలు, ‘నాకే ఎందుకిలా’ అన్న వేదన కలిసి ఉంటాయని ఆమె గట్టిగా చెప్పారు. ఒంటి నొప్పిని తగ్గించకుండా మిగతా వాటి గురించి మాట్లాడి లాభం లేదని కూడా ఆమె పనే చూపించింది. కాబట్టి మొదట నొప్పి తగ్గేలా చూడండి. నొప్పి మందు అలవాటైపోతుందని వేళ దాటించి, తట్టుకోలేనప్పుడు మాత్రమే ఇవ్వడం చాలా ఇళ్లలో చూస్తాను. డాక్టరు వేళ రాసి ఉంటే ఆ వేళకే ఇవ్వండి.

మిగతావి చిన్న చిన్న పనులు. మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, మోకాళ్ల మధ్య మెత్తటి దిండు పెట్టాలి. తిప్పేముందు ‘ఇటు తిప్పుతున్నాను నాన్నా’ అని చెప్పాలి. చెప్పకుండా చెయ్యి వేస్తే స్పృహలో ఉన్న మనిషి ఉలిక్కిపడతాడు. నోరు తడిగుడ్డతో శుభ్రం చేయడం, పెదాలకు కాస్త వెన్న రాయడం, తల దువ్వడం, గడ్డం గీయడం, గోళ్లు తీయడం వంటివి మనిషికి తాను ఇంకా మనిషినేనని గుర్తు చేస్తాయి. మూత్రం సంచి నలుగురికీ కనపడేలా వేలాడదీయకుండా ఒక తువ్వాలు కప్పండి. సంచి మాత్రం ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. డైపర్ మార్చేటప్పుడు తలుపు వేయండి.

చిన్న నిర్ణయాలు రోగి చేతిలో ఉంచండి. స్నానం పొద్దున్నా, సాయంత్రమా? ఇడ్లీనా, జావా? ఈ రోజు ఎవరు చూడ్డానికి రావచ్చు, ఎవరు వద్దు? జబ్బు వచ్చాక మన శరీరం మీద, రోజు మీద మన మాట చెల్లదు. ఈ చిన్న నిర్ణయాలతో అది కొంతైనా తిరిగొస్తుంది.

పెద్దవాళ్ల విషయంలో మరో సంగతి. ఐసీయూలోనో, ఆపరేషన్ తర్వాతో కొందరు రాత్రిపూట ఉన్నట్టుండి తికమకపడతారు. గోడ మీద ఎవరో ఉన్నారంటారు, సెలైన్ పీకేస్తారు, కొడుకునే గుర్తుపట్టరు. పిచ్చి పట్టిందనో, గాలి సోకిందనో ఇంట్లోవాళ్లు బెంబేలెత్తుతారు. దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, మలబద్ధకం, మూత్రం బిగదీయడం, కొన్ని మందులు దీనికి కారణాలు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. కారణం సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టడం, పగలు కిటికీ తెరిచి రాత్రి దీపాలు తగ్గించడం, గోడ గడియారం కనపడేలా చూడటం, తెలిసిన మనిషి చెయ్యి పట్టుకుని ఊరి పేరు, వారం పేరు మెల్లగా చెబుతుండటం దీన్ని తగ్గిస్తాయి. ఈ సేవకు ఖర్చు లేదు.

సేవ పోలీసు డ్యూటీ కాకూడదు

దీర్ఘకాల జబ్బులున్న ఇళ్లలో ప్రేమ మెల్లగా కాపలాగా మారిపోతుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం దగ్గర పడుకోవాలి. నీళ్లు కొలిచి తాగాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో ఆ దాహం ఎలా ఉంటుందో ఆలోచించండి. గ్లాసు ముట్టుకోగానే ఇంట్లో నలుగురూ ఒకేసారి అరుస్తారు. ఆయన దొంగచాటుగా తాగడం నేర్చుకుంటాడు. తర్వాతి డయాలసిస్‌లో బరువు పెరిగి దొరికిపోతాడు. మళ్లీ అరుపులు.

దీనికి వేరే దారి ఉంది. రోజుకు తాగవలసిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికే ఇవ్వండి. ఎప్పుడు ఎంత తాగాలో ఆయనే చూసుకుంటాడు. కూరలో ఉప్పు తగ్గిస్తే దాహమూ తగ్గుతుంది. చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటే కొంత ఉపశమనం. అదీ లెక్కలోకే వస్తుంది. ఇంట్లో అందరి కూరలోనూ ఉప్పు తగ్గిస్తే ఇంకా మంచిది. పత్యం ఒక్కరిదే అయితే శిక్షలా ఉంటుంది. స్టెంట్ వేయించుకున్న భర్త మెట్లెక్కితే వద్దని, గట్టిగా నవ్వితే వద్దని ఆపే భార్యలకూ ఇదే చెబుతాను. ఏది చేయవచ్చో, ఏది కూడదో డాక్టరును అడిగి ఇద్దరూ కలిసి రాయించుకోండి. ఆ కాగితం ఉంటే రోజూ వాదన ఉండదు.

దిగులు ముదిరిందని ఎలా తెలుస్తుంది?

పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఏడుపు, కోపం, నిద్రలేమి కొన్నాళ్లు సహజం. వాటికి మందులు అక్కర్లేదు, మనుషులు చాలు. కానీ రెండు ప్రశ్నలు గుర్తు పెట్టుకోండి. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఏ ఆశా లేనట్టు అనిపించిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? ఈ రెంటిలో ఏ ఒక్కదానికైనా ‘అవును’ అంటే డాక్టరుకు చెప్పాలి. రోజూ క్రికెట్ చూసే మనిషి టీవీ వద్దంటున్నాడన్నా, మనవరాలి ఫోన్ కూడా ఎత్తడం లేదన్నా తేలిగ్గా తీసుకోకండి.

‘నేను మీకు భారమైపోయాను’, ‘ఎంత త్వరగా పోతే అంత మంచిది’ వంటి మాటలు వస్తే ‘ఛ, అవేం మాటలు?’ అని కొట్టిపారేయకండి. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునన్నవాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఇన్సులిన్, నిద్రమాత్రలు, పురుగుమందులు అందకుండా పెట్టండి. అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకురండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. కుంగుబాటుకు వాడే మందులు చాలావరకు నిద్రమాత్రల్లా అలవాటయ్యేవి కావు. రెండు మూడు వారాల తర్వాతే పనిచేయడం మొదలుపెడతాయి కాబట్టి నాలుగు రోజులు వాడి ఆపేయకూడదు. కొన్నిటితో మిగతా మందులకు పడకపోవచ్చు. అందుకే షుగరు, గుండె మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.

చూసుకునేవాళ్లను ఎవరు చూసుకుంటారు?

ఇంతవరకు రోగి గురించి మాట్లాడుకున్నాం. ప్రతి రోగి మంచం కింద చాప వేసుకుని పడుకునే మనిషి ఒకరు ఉంటారు. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి భార్యో, కోడలో, పెళ్లి కాని కూతురో అవుతుంది. వార్డుకు వచ్చినవాళ్లంతా రోగిని పలకరించి వెళతారు. ‘నువ్వు తిన్నావా? రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?’ అని ఆమెను అడిగేవాళ్లు అరుదు.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1995లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. డిమెన్షియా వచ్చిన బంధువులను ఇంట్లో చూసుకుంటున్న 13 మంది మహిళలను, అదే వయసు, ఆదాయం ఉన్న మరో 13 మంది మహిళలను తీసుకున్నారు. అందరి చేతి మీదా ఒకే కొలతలో చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. సేవలో ఉన్నవాళ్లకు సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. చూసింది కొద్దిమందినే. అయినా, సేవ చేసేవాళ్ల అలసట ఒట్టి మాట కాదని, చర్మం దాకా వెళ్తుందని అది చూపించింది.

అందుకే సేవను కుటుంబమంతా పంచుకోవాలి. ‘అందరం ఉన్నాంగా’ అంటే ఎవరూ ఉండరు. కాగితం మీద రాసుకోండి. రాత్రి డ్యూటీ ఏ రోజు ఎవరిది, మందులు ఎవరు తెస్తారు, ఇన్సూరెన్సు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఎవరు చూస్తారు. బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉన్న కొడుకు మంచం దగ్గర ఉండలేడు. కానీ రిపోర్టులు తేదీల వారీగా సర్దగలడు, అపాయింట్‌మెంట్లు తీసుకోగలడు, సహాయకుణ్ని పెట్టి జీతం ఇవ్వగలడు, రోజూ పది నిమిషాలు వదినకు ఫోన్ చేసి ఆమె చెప్పేది వినగలడు. వచ్చిన పది రోజులు తనిఖీ అధికారిలా తప్పులు వెతకడం మాని, ఆమెను పుట్టింటికి పంపి తాను మంచం దగ్గర కూర్చోగలడు. మీ ఇంట్లో సేవ చేస్తున్నవారికి చిరాకు ఎక్కువైందంటే వాళ్లలో ప్రేమ తగ్గిందనుకోకండి. వాళ్లకు నిద్ర, సెలవు కావాలని అర్థం.

సిస్టర్‌కు ఐదు నిమిషాలు

చివరగా మా వైపు నుంచి. రోగికి దగ్గరగా ఎక్కువసేపు ఉండేది డాక్టర్లు కాదు, నర్సులు. కానీ మా వంటి ఆసుపత్రుల్లో రాత్రివేళ ముప్పై, నలభై మంచాలకు ఒకరో ఇద్దరో సిస్టర్లు ఉంటారు. సెలైన్లు, ఇంజెక్షన్లు, కేసు షీట్లు ముగించేసరికే తెల్లవారుతుంది. ఆ పెద్దాయన దగ్గర నిలబడి అడిగిన సిస్టర్ ఆ రాత్రి తన టీ విరామం వదులుకుని అడిగారు. అలాంటి సేవ ఒకరి మంచితనం మీద ఆధారపడి నడవకూడదు. ఖాళీ నర్సు పోస్టులు నింపడం అంటే రోగికి ఆ ఐదు నిమిషాలు ఇవ్వడమని ప్రభుత్వాలు గుర్తించాలి.

కౌన్సెలింగ్ మన ఆసుపత్రులకు కుదరదనే వాదనా సరికాదు. హెచ్‌ఐవీ విషయంలో దాన్ని చేసి చూపించాం. ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్షకు ముందు, తర్వాత రోగితో మాట్లాడే కౌన్సెలర్లు ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం కూడా ఆ కౌన్సెలింగ్‌ను కోరుతోంది. ఒక జబ్బుకు సాధ్యమైనది క్యాన్సర్, కిడ్నీ, పక్షవాతం వంటి జబ్బులకు ఎందుకు సాధ్యం కాదు? జిల్లా ఆసుపత్రికి ఒక కౌన్సెలర్, చెడు కబురు వరండాలో కాకుండా కూర్చోబెట్టి చెప్పడానికి ఒక చిన్న గది ఉంటే చాలు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతోంది. ఆ పని ఇక్కడా ఊరూరికీ చేరాలి.

అది జరిగేదాకా మీ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. ఈ వారం మీరు ఎవరినైనా పరామర్శించడానికి వెళుతుంటే, పండ్లు తీసుకెళ్లండి, మంచిదే. కషాయాల సంగతి ఎత్తకండి. రోగిని ఒక్క ప్రశ్న అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. తిరిగి వచ్చేముందు, పక్కన నిద్రలేని కళ్లతో నిలబడి ఉన్న మనిషితో ‘రెండు గంటలు నేను కూర్చుంటాను, మీరు ఇంటికెళ్లి స్నానం చేసి రండి’ అనండి.